పసుపు అంటిన సున్నా

మొన్న శనివారం మధ్యాహ్నం కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు ఒక పార్సెల్ ఉంది. జార్జియాలో, కమ్మింగ్‌లో ఉండే మా వదిన పంపింది. వదిన దగ్గర్నుంచి పార్సెల్ వచ్చిందంటే అందులో కారప్పొడి అయినా ఉండాలి, అన్నయ్యకి బిగుతైపోయిన స్వెటరు అయినా ఉండాలి. ఈ పెట్టె మాత్రం చిన్నదే అయినా చేతికి బరువుగా తగిలింది. విప్పితే పాత నేత చీర ముక్కలో చుట్టిన స్కోపు బయటికి వచ్చింది. స్కోపంటే రైఫిల్ మీద బిగించుకునే చిన్న దుర్భిణీ. దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించి, లోపల అడ్డగీత, నిలువుగీత కలిసే చోట గురి పెట్టుకోనిస్తుంది. దానితోపాటు వదిన చేతిరాతలో ఒక చీటీ. "భుజం ఆపరేషన్ అయినంక ఇగ రైఫిల్ ముట్టద్దన్నడు డాక్టర్. రైఫిల్ అమ్మేసిన. ఇది నువ్వు ఏరిన స్కోపు, నీ దగ్గరనే ఉండనీ." కూరగాయల సంచీ గుమ్మంలోనే వదిలేసి, కిటికీ దగ్గర నిలబడి దానిలోంచి చూశాను. పార్కింగ్ లాట్ అవతలి చివర ఎవరో కారులోంచి బియ్యం బస్తా దించుతున్నారు. బస్తా మీది పేరే కాదు, కింద చిన్న అక్షరాల్లో వేసిన బరువు కూడా చదవగలిగాను. ఆరేళ్ళ కిందటి వస్తువు, అద్దం ఇంకా అంత శుభ్రంగా ఉంది. నాకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. సిగ్గెందుకో చెప్పాలంటే వదిన సంగతి మొదట్నుంచీ చెప్పాలి.

మా వదినది నిజామాబాద్ వైపు. మాది కృష్ణా జిల్లా. ఆమె మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె మాట మాకూ, మా మాట ఆమెకూ కాస్త వింతగా ఉండేవి. ఇప్పుడు అన్నయ్యే సగం ఆమెలా మాట్లాడతాడు. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే పదిమంది కష్టపడి కట్టినదాన్ని ఎక్కడ లాగితే ఊడుతుందో వెతికి పట్టుకోవడం. ఆ విద్య ఆమెకు పుట్టుకతోనే వచ్చిందని అన్నయ్య అభిప్రాయం. ఆమె టీములో రిటైర్మెంటుకు దగ్గరపడిన తెల్లాయన ఒకడుండేవాడు. ఏటా ఒక వారం సెలవు పెట్టి వేటకి పోయి, తిరిగొచ్చాక ఫ్రీజరు నిండిందని చెబుతుండేవాడు. ఒకరోజు లంచ్‌లో వదిన డబ్బాలో మటన్ కూర చూసి, ఇది ఎక్కడిదని అడిగాడట. కొట్లో కొన్నానంటే, దాన్ని ఎవరు చంపారో తెలుసా అన్నాడట. ఆయన మామూలుగా అడిగిన మాటే గానీ అది వదిన బుర్రలో కూర్చుండిపోయింది. తినేవాళ్ళు ఒక్కసారైనా ఆ చంపే బరువు తామే మొయ్యాలి కదా అని మొదలుపెట్టి, ఆయనతోనూ ఆయన భార్యతోనూ షూటింగ్ రేంజికి వెళ్ళడం, సేఫ్టీ క్లాసు, లైసెన్సు, ఇలా ఒకదాని వెనక ఒకటి పూర్తిచేసింది. అన్నయ్య వారానికి మూడుసార్లు చికెన్ తింటాడు గానీ వేట హింస అంటాడు. "షాపుల ఉన్న కోడి ఏమన్న ఆత్మహత్య చేసుకున్నదా?" అని వదిన అడిగితే ఆయన కాలు ముక్క వెతుక్కోవడంలో పడిపోతాడు.

ఆమె మనసు వయోమింగ్ మీద ఉండేది. అక్కడి బయళ్ళలో ప్రాంగ్‌హార్న్ అనే ఒక రకం జింకలు ఉంటాయి. చెట్టూ పుట్టా లేని నేల కాబట్టి అవి మనిషిని మైలు దూరం నుంచే పసిగడతాయి, అందుకే దూరం నుంచే కొట్టాలి. బయటి రాష్ట్రాల వాళ్ళు అక్కడ ఒక్క జింకను కొట్టాలన్నా లాటరీలో పర్మిట్ రావాలి. రాని ప్రతి ఏడాదికీ మన పేరు మీద ఒక పాయింటు చేరుతుంది, వచ్చిన రోజున ఆ పాయింట్లన్నీ సున్నా అయిపోతాయి. జింక దొరికినా దొరక్కపోయినా మళ్ళీ మొదటి నుంచే. వదిన ఆరేళ్ళు దరఖాస్తు పెట్టింది. ఏడో ఏడు వచ్చింది. అప్పటికి తెల్లాయన రిటైరై తన పాత రైఫిల్ ఒకటి ఆమెకు చవగ్గా ఇచ్చాడు గానీ దాని మీది స్కోపు మాత్రం పీకేసుకున్నాడు. స్కోపు కొనాలి. అన్నయ్య పెట్టిన షరతు ఒక్కటే, రైఫిల్‌కి అయినదానికంటే స్కోపుకి పైసా ఎక్కువ కాకూడదు. వదిన నాకు ఫోన్ చేసి, "మరిదీ, నువ్వు లాబ్‌ల మిషన్లు చూస్తవ్ కదా, బడ్జెట్‌ల నమ్మకమైనది ఒకటి నువ్వే ఏరు" అంది.

నేను ఒక మందుల కంపెనీ లాబ్‌లో క్వాలిటీ కంట్రోల్ పని చేస్తాను. మా దగ్గర త్రాసు ఎంత ఖరీదైనదైనా, నిన్న సాయంత్రం దాకా ఎంత సరిగ్గా చూపించినా, పొద్దున్నే దాని మీద ఒక ప్రమాణ బరువు పెట్టి, ఎంత చూపిస్తోందో రాసుకుని, ఆ తర్వాతే అసలు పని మొదలుపెట్టాలి. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. అలాంటి నన్ను అడిగింది కదా అని పొంగిపోయి, మనవాళ్ళు ఏది కొన్నా చేసే పనే నేనూ చేశాను. స్ప్రెడ్‌షీట్ తెరిచాను. పధ్నాలుగు స్కోపులు, పదకొండు గుణాలు, ఒక్కో గుణానికి ఇన్ని మార్కులని. మాగ్నిఫికేషన్‌కి అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేశాను. అదే డబ్బుకి తొమ్మిది రెట్లు చూపించేదాన్ని కొని ఇరవైనాలుగు రెట్లు చూపించేదాన్ని వదిలేయడానికి మన ప్రాణం ఒప్పుకోదు కదా. 'సున్నా దగ్గర ఆగే ఏర్పాటు' అని ఒక గుణం ఉంది, అంటే గురి సరిచేసే మరని వెనక్కి తిప్పితే అది అసలు సున్నా దగ్గరే ఆగిపోతుంది. అది ఉన్న స్కోపులన్నీ బడ్జెట్ దాటుతున్నాయి. లెక్క తెలిసినవాడికి దాంతో పనేముందని ఆ కాలమ్ మొత్తం తీసేశాను. ఇరవైనాలుగు రెట్లది, లోపల ఎర్ర లైటు కూడా వెలిగేది, మొదటి ర్యాంకు వచ్చింది. దాన్నే ఆర్డర్ చేయించాను.

జూలైలో లాంగ్ వీకెండ్‌కి నేను కమ్మింగ్ వెళ్ళాను. స్కోపు చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. వదిన దాన్ని చేత్తో ఎత్తి చూసి, "గింత బరువున్నదేంది?" అంది. రేంజిలో బెంచీ మీద రైఫిల్ పెట్టుకుని కాసేపు చూసి, "నీ ఇరవైనాలుగు నువ్వే పెట్టుకో. ఎండల బొమ్మంతా మరిగే నీళ్ళ లెక్క ఊగుతున్నది. సరే, అది కాదు. తిప్పితే మళ్ళ మొదటికి వస్తదా రాదా, అది చూద్దాం" అంది. స్కోపు నెత్తిమీద ఒక మర, పక్కన ఒక మర ఉంటాయి. ఒక్కో క్లిక్కుకి వంద గజాల దూరంలో గుండు పావు అంగుళం జరుగుతుంది. వదిన ఒక గుండు కాల్చి, పైకి నలభై క్లిక్కులు తిప్పి ఇంకోటి, కుడికి నలభై తిప్పి ఇంకోటి, కిందకి నలభై, ఎడమకి నలభై, ఇలా ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు చతురస్రం చుట్టి వచ్చింది. అయిదో గుండు మొదటి గుండు పడ్డచోటే పడాలి. మూడు అంగుళాల అవతల పడింది. మళ్ళీ చేసింది, ఈసారి ఇంకోవైపు పడింది. "డెమోకు మంచిగనే ఉన్నది" అని, దాన్ని అట్టపెట్టెలో పెట్టి, తిరిగి పంపే లేబుల్ అంటించేసింది. రోజూ పొద్దున్నే త్రాసు మీద బరువు పెట్టి చూసే నాకు ఈ పరీక్ష తట్టకపోవడం ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు. ఆఫీసులో ఉన్న తెలివి ఇంటికి తెచ్చుకోవడం మా వంశంలో ఎవరికీ రాలేదు.

రెండోసారి నేను స్ప్రెడ్‌షీట్ తెరవలేదు. వేటగాళ్ళు చెప్పుకునే మాటలు చదివాను. తక్కువ డబ్బుకి ఎక్కువ రెట్లు ఇచ్చేవాడు ఎక్కడో కోత కోస్తాడు, ఆ కోత లోపలి మరల్లోనే ఉంటుంది. మూడు నుంచి తొమ్మిది రెట్లు చాలు. చీకటి పడబోయే వేళ గడ్డి రంగు, జింక రంగు విడివిడిగా కనిపించాలి. లైట్లూ హంగులూ అక్కర్లేదు. అలా ఏరింది ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ నల్లటి బోడి స్కోపు. మరల మీద మూతలున్నాయి, మూత తీస్తే అంకెలున్న చక్రం. ఆగస్టులో వదిన దీనితో చతురస్రం మూడుసార్లు చుట్టింది. మూడుసార్లూ అయిదో గుండు మొదటి గుండు అంచు కొరికింది. ఫోటో తీసి నాకు పంపి, కింద "ఇప్పుడు ఏరినవ్" అని రాసింది. ఆ తర్వాత, వంద గజాల నుంచి గుండు అట్ట మీది చుక్కకి అంగుళం పైన పడేలా సరిచేసి, అక్కడ చక్రాన్ని సున్నా మీద నిలిపింది. ఒక లోటు మాత్రం ఉంది. సున్నా దగ్గర ఆగే ఏర్పాటు దీనికి లేదు. చక్రం సున్నా దాటి ఎన్ని చుట్లయినా తిరుగుతుంది, ప్రతి చుట్టుకీ మళ్ళీ సున్నాయే కనిపిస్తుంది. ఎన్నో చుట్టులో ఉన్నామో తెలియడానికి చక్రం కింద సన్నటి గీతలుంటాయి. ఒక చుట్టు పైకి తిప్పితే చక్రం కొంచెం లేచి, ఒక గీత బయటపడుతుంది.

వేట దసరా దాటిన వారంలో పడింది. తోడు వస్తానని నేను ముందే కమ్మింగ్ చేరాను. ఆయుధ పూజ నాడు వదిన ఆఫీసుకి వెళ్ళింది. అన్నయ్య గరాజ్‌లో దుప్పటి పరిచి లాప్‌టాప్, డ్రోన్, వాక్యూమ్ క్లీనర్, కార్ల తాళాలు అన్నీ వరసగా పెట్టాడు. రైఫిల్ పెట్టనన్నాడు. నాకు నవ్వొచ్చింది. "ఆయుధ పూజకి వాక్యూమ్ క్లీనర్ పనికొచ్చి, ఆయుధం పనికిరాదా అన్నయ్యా?" అన్నాను. ఆయన కాదనలేక, గుండు లేదని రెండుసార్లు చూసి, దుప్పటి మీద ఒక మూలన పెట్టాడు. ఇక నా భక్తి చూడాలి. కర్రకి బొట్టు పెట్టాను, గొట్టానికి పెట్టాను. ప్రాణమంతా ఆ మరలోనే ఉంది కదా అని మూత తీసి చక్రానికి కూడా తడి పసుపు రాసి కుంకుమ పెట్టాను. హారతి అయ్యాక, వదిన చూస్తే సణుగుతుందని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. తుడుస్తుంటే చక్రం టిక్కు టిక్కుమంటూ చేతి వెంట తిరిగింది. అయ్యో అనుకుని, జాగ్రత్తగా సున్నా గీతకి ఎదురుగా తెచ్చి ఆపి మూత బిగించాను. సాయంత్రం వదిన వస్తే పులిహోర గురించి చెప్పాను గానీ దీని గురించి చెప్పలేదు. చెప్పాల్సిందేమీ ఉందనుకోలేదు.

వయోమింగ్‌లో మాకు మూడు రోజులే ఉన్నాయి. విమానంలోంచి మేము దిగాం గానీ రైఫిల్ పెట్టె దిగలేదు. అది రెండో రోజు చీకటి పడ్డాక మోటెల్‌కి వచ్చింది. వదిన ఆ రెండు రోజులూ కిటికీలోంచి గాలిని చూస్తూ, ఇంటి నుంచి రేకు కాగితంలో చుట్టి తెచ్చిన సర్వపిండి తుంచి తింటూ గడిపింది. ఆరేళ్ళ ఎదురుచూపుకి ఇక ఒక్క రోజు మిగిలింది. మూడో రోజు తెల్లవారుజామున బూట్లు కట్టుకుంటూ, "ఒక్క గుండు కొట్టి చూసి పోదామా? పెట్టె ఎక్కడెక్కడ పడ్డదో ఏమో" అంది. తెల్లాయన నేర్పిన మొదటి పాఠం అదేనట, ప్రయాణం తర్వాత అట్ట మీద కాల్చి చూడకుండా జంతువు మీద కాల్చకూడదని. నేను అప్పటికే మూత తీసి చూసి ఉన్నాను. "టైమ్ వేస్ట్ వదినా. అక్కడ కాలిస్తే జింకలు పారిపోతాయి కూడా. సున్నా మీదే ఉంది, నేను చెక్ చేశాను" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసింది. "నువ్వు చూసినవా? అయితే మంచిగనే ఉంటది" అంది. ఎవరి మాటా నమ్మకపోవడమే ఉద్యోగమైన మనిషి నా మాట నమ్మింది.

ఎనిమిది గంటలకల్లా అవకాశం దొరికింది. మాకు అనుమతి ఇచ్చిన ఒక పశువుల రాంచ్‌లో చిన్న మిట్ట మీద, మోకాలెత్తు బూడిద రంగు పొదల మధ్య బోర్లా పడుకుని ఉన్నాం. ఆ పొదలు మోచేయి కింద నలిగితే కర్పూరమూ వామూ కలిపి నూరినట్టు వాసన వచ్చేది. మగ జింక ఒకటి పక్కకి తిరిగి నిలబడి, తల వంచి మేస్తోంది. దూరం కొలిచే పరికరం నా చేతిలో ఉంది. రెండువందల ఎనభై గజాలు, గాలి దాదాపు లేదు. మూడువందల యాభై దాటితే కాల్చనని వదిన ఇంటి దగ్గరే నియమం పెట్టుకుంది, ఇది ఆ లోపలే. "ఎనిమిది క్లిక్కులు పైకి" అంది గొంతు తగ్గించి. నేను చెయ్యి చాచి మూత తీశాను. ఎండ పక్కనుంచి పడుతోంది. చక్రం మీద సున్నా సున్నాగానే ఉంది. దాని కింద, అసలు సున్నా దగ్గర కనిపించకూడని గీత ఒకటి కనిపిస్తోంది. గీత నిండా పసుపు.

తుడిచేటప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగిందనీ, నేను తెచ్చి ఆపింది రెండో సున్నా దగ్గరనీ అప్పుడర్థమైంది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నోరు మూసుకుని ఆ ఎనిమిది క్లిక్కులు తిప్పేద్దామని కూడా అనిపించింది. గుండు ఎటో పోయేది. తప్పు చవక స్కోపుదయ్యేది, లేకపోతే వదిన చేతిదయ్యేది, నా పేరు ఎక్కడా వచ్చేది కాదు. కానీ అది గాలిలోకే పోతుందని ఏం నమ్మకం? కాలికో పొట్టకో తగిలి, ఆ జింక కుంటుకుంటూ ఆ బయల్లో ఎక్కడో పడి చస్తే? ఆ బరువు సరిగ్గా మొయ్యాలనే కదా ఈమె ఇదంతా మొదలుపెట్టింది. "వదినా, ఆగు" అన్నాను. గొంతు తగ్గించడం మర్చిపోయాను. జింక తలెత్తింది. వదిన ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసింది. రెండు క్షణాలు అది మావైపు చూసి, వెనకభాగం మీది తెల్లటి వెంట్రుకలు విప్పార్చుకుని పరుగెత్తింది. మిట్ట అవతలికి పోయేదాకా ఇద్దరం దాన్నే చూశాం. ఆ తర్వాత నేను గరాజ్‌లో చేసినదంతా చెప్పాను. ఆమె అడ్డురాకుండా విని, "అట్ట తియ్యి" అంది.

రాంచ్ వెనక కంకర తవ్విన గుంటలో అట్ట నిలబెట్టి వంద గజాల నుంచి కాల్చింది. మొదటి గుండు అట్ట మీద ఎక్కడా లేదు. చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు కిందకి తిప్పి మళ్ళీ కాల్చింది. చుక్కకి అంగుళం పైన, ఆగస్టులో ఎక్కడ పడేదో అక్కడే పడింది. ఇంకొకటి కాల్చింది, దాని పక్కనే పడింది. స్కోపు తప్పేమీ లేదు. విమానంలో ఎన్ని కుదుపులు తిన్నా అది నమ్మకంగానే ఉంది. లెక్క వేసుకుంటే, ఆ పొద్దున గుండు జింక వీపు మీంచి మూడున్నర అడుగుల ఎత్తున పోయి ఉండేది. నేను జేబురుమాలు తీసి, గీతలో పసుపు తుడుస్తానని చక్రం మీద చెయ్యి వేశాను. "ఇంకేం తుడవకు" అంది వదిన. "ఇరవై ఏండ్లల్ల మొదటిసారి నన్ను ఆగండి అనకుండ ఆగు అన్నవ్" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ఆ సాయంత్రం ఇంకో జింక కనిపించింది, నాలుగువందల ఇరవై గజాల దూరంలో. దగ్గరికి పాకడానికి చాటు లేదు, వెలుతురు పోతోంది. ఆగస్టులో అంత దూరం అట్టకి కొట్టింది కదా అని నేను అన్నాను. అట్టకి నొప్పి ఉండదంది. రైఫిల్‌లోంచి గుండు తీసి, జేబులో వేసుకుని లేచింది. వాడని పర్మిట్ కాగితం ఆమె ఇంట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఇప్పటికీ ఉంది. ఆరేళ్ళ పాయింట్లు సున్నా అయ్యాయి. మరుసటి ఏడు నుంచి మళ్ళీ దరఖాస్తు మొదలుపెట్టింది. ఏటా దసరా నాడు ఫోన్ చేసి, "ఏం తుడుస్తున్నవ్?" అని ఒక్కమాట అడిగి పెట్టేసేది. అన్నయ్య అప్పటి నుంచి ఆమె వేటని ఒక్కసారీ హింస అనలేదు. ఈ ఏటికి మళ్ళీ ఆరు పాయింట్లు చేరాయి. వచ్చే ఏడు పర్మిట్ తప్పకుండా వచ్చేది. ఈలోగా భుజం.

నిన్న సాయంత్రం స్కోపు తీసి మూత విప్పాను. చక్రం సున్నా మీద ఉంది, కింద గీతలేవీ లేవు. వేలితో పట్టుకుని పైకి తిప్పడం మొదలుపెట్టాను. అరవై క్లిక్కులు, ఒక్కటీ తడబడలేదు. మళ్ళీ సున్నా వచ్చింది. చక్రం కింద సన్నటి గీత బయటపడింది, ఆరేళ్ళ కిందటి పసుపు అందులో అలాగే ఉంది. వదిన తుడవలేదు. ఒక్కో క్లిక్కూ లెక్కపెట్టుకుంటూ వెనక్కి తిప్పి, గీత కనబడకుండా పోయాక మూత పెట్టాను. వచ్చే వారం మళ్ళీ దసరా. ప్రతి ఏడూ ఆ రోజు వచ్చి, మధ్యలో ఒక ఏడు గడిచిపోయిందని చెప్పకుండా, అన్నీ మొదటి చోటే ఉన్నట్టు మనకి అదే సున్నా చూపించి పోతుంది. స్కోపునైతే వెనక్కి ఒక చుట్టు తిప్పగలిగాను.